వాకీటాకీ కొన్నాక ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ ఎందుకు అంత సులువుగా దొరకదు?

మూతపడిన ఏదో సంస్థ సామాను వేలం వేస్తుంటే పన్నెండు వాకీటాకీలు చౌకగా దొరికాయనుకుందాం. బ్యాటరీలు బాగున్నాయి, ఛార్జర్లు పనిచేస్తున్నాయి. కానీ అన్నీ పాత యజమాని ఛానెళ్ల మీదే ఉన్నాయి. రేడియో పైన ఒక నాబ్, పక్కన మాట్లాడే బటన్, అంతకుమించి ఏమీ లేదు. అంకెల బటన్లున్న మోడల్ అయినా వాటితో అవతలి రేడియో నంబరు కొట్టగలమే గానీ ఫ్రీక్వెన్సీ మార్చలేం. కంప్యూటర్‌కు తగిలించి మార్చాలని ఎవరో చెబుతారు. సాఫ్ట్‌వేర్ కోసం కంపెనీ వెబ్‌సైట్‌కి వెళితే డీలర్‌ను సంప్రదించమంటుంది. డీలర్‌ను అడిగితే ఫ్రీక్వెన్సీ లైసెన్సు చూపించమంటాడు. తెలిసినవాళ్లేమో పెన్‌డ్రైవ్‌లో కాపీ ఉంది, ఇస్తామంటారు.

సొంత డబ్బు పెట్టి కొన్న పరికరాన్ని మార్చుకోవడానికి ఇన్ని గుమ్మాలు ఎక్కాలా అని కోపం రావడం సహజం. ఆ కోపంలో న్యాయం ఉంది. అయితే ఈ చిక్కులో సగం, లైసెన్సు అన్న ఒకే మాటను నాలుగు వేర్వేరు విషయాలకు వాడటం వల్ల వచ్చింది. వాటిని విడదీసి చూస్తే ఎక్కడ ఆగిపోయామో, ఆ తలుపు తెరవగలిగేది ఎవరో తెలుస్తుంది.

రేడియోలో రాసి ఉండేది ఏమిటి

వ్యాపార సంస్థల కోసం తయారయ్యే టూ-వే రేడియో ఫ్యాక్టరీ నుంచి దాదాపు ఖాళీ పలకలా వస్తుంది. ఏ ఫ్రీక్వెన్సీలో వినాలి, ఏ ఫ్రీక్వెన్సీలో మాట్లాడాలి, ఎంత పవర్‌తో పంపాలి అన్నవన్నీ తర్వాత రాయాల్సిందే.

పాత రోజుల్లో ఒక్కో ఛానెల్‌కు ఒక్కో క్వార్ట్జ్ స్ఫటికం బిగించేవారు. ఫ్రీక్వెన్సీ మారాలంటే కొత్త స్ఫటికం తెప్పించి, మూత విప్పి, మార్చి, ట్యూన్ చేయాలి. ఫ్రీక్వెన్సీని తయారుచేసే సింథసైజర్ సర్క్యూట్లు వచ్చాక ఆ పని మెమరీ చిప్‌కు వచ్చింది. అంకెలు చిప్‌లో ఉంటే చాలు, రేడియో తానే ఆ ఫ్రీక్వెన్సీని తయారు చేసుకుంటుంది. మోటరోలా సాంకేతిక నిపుణులు ఈ మెమరీని కోడ్‌ప్లగ్ అనేవారు. ఇప్పుడు విడిగా తగిలించే ప్లగ్ ఏదీ లేదు గానీ పేరు నిలిచిపోయింది. రేడియోలో ఉండే సెట్టింగుల మొత్తాన్ని, కంప్యూటర్‌లో దాచుకునే దాని ఫైల్‌ను కూడా కోడ్‌ప్లగ్ అనే అంటున్నారు.

ఒక మామూలు అనలాగ్ ఛానెల్ తీసుకుందాం. రిపీటర్ (సిగ్నల్‌ను అందుకుని దూరానికి తిరిగి పంపే పరికరం) నుంచి వినడానికి 451.800 మెగాహెర్ట్జ్, రిపీటర్‌కు పంపడానికి 456.800 మెగాహెర్ట్జ్. ఛానెల్ వెడల్పు 12.5 కిలోహెర్ట్జ్. మన గుంపు మాటలే స్పీకర్లో వినబడేలా 127.3 హెర్ట్జ్ టోన్. ఎవరి వేలైనా బటన్ మీద అలాగే ఉండిపోతే 60 సెకన్లకు ట్రాన్స్‌మిషన్ ఆగిపోవాలి. పవర్ తక్కువ. ఒక్క ఛానెల్‌కే ఆరు నిర్ణయాలయ్యాయి. డిజిటల్‌కు వెళితే ఇంకా పెరుగుతాయి. యూరప్ ప్రమాణాల సంస్థ ఈటీఎస్‌ఐ 2005లో ప్రచురించిన డీఎంఆర్ అనే డిజిటల్ రేడియో పద్ధతిలో ఒకే 12.5 కిలోహెర్ట్జ్ ఛానెల్‌ను కాలం ప్రకారం రెండు స్లాట్లుగా పంచుతారు. అందువల్ల ఏ స్లాటో, ఏ కలర్ కోడో (ఏ వ్యవస్థదో చెప్పే సంఖ్య), ఏ టాక్‌గ్రూపో (ఏ గుంపుతో మాట్లాడాలో), ఈ రేడియో సొంత ఐడీ ఎంతో కూడా రాయాలి. ఒక్క అంకె తప్పినా రేడియో మూగబోతుంది, లేదా పరాయివాళ్ల సంభాషణలో దూరుతుంది.

కోడ్‌ప్లగ్‌తో కలిసిపోయి గందరగోళం చేసేవి మరో రెండున్నాయి. రేడియోను నడిపే ప్రోగ్రామ్ ఫర్మ్‌వేర్. ఆ ఒక్క రేడియోలోని భాగాలకు సరిపడేలా ఫ్యాక్టరీలో కొలిచి రాసిన పవర్, ఫ్రీక్వెన్సీ సర్దుబాట్లు ట్యూనింగ్ డేటా. చాలా కంపెనీల్లో ట్యూనింగ్‌కు వేరే సాఫ్ట్‌వేర్ ఉంటుంది, అది సర్వీస్ సెంటర్లకే ఇస్తారు. మనం మాట్లాడుకుంటున్నది మాత్రం కోడ్‌ప్లగ్‌ను చదివి, మార్చి, తిరిగి రాసే సాఫ్ట్‌వేర్ గురించి. మోటరోలా దాన్ని కస్టమర్ ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ అంటుంది, వాడుకలో సీపీఎస్. కెన్‌వుడ్‌లో కేపీజీతో మొదలయ్యే నంబర్లు, ఐకామ్‌లో సీఎస్‌తో మొదలయ్యేవి, హ్యారిస్‌లో ఆర్‌పీఎం. పని అన్నింటిదీ ఒకటే.

ఫ్రీక్వెన్సీ బటన్లు కావాలనే పెట్టలేదు

హామ్ రేడియో ఔత్సాహికుడి చేతిలోని సెట్‌లో ఫ్రీక్వెన్సీ నేరుగా కొట్టొచ్చు. అంతకన్నా ఖరీదైన కమర్షియల్ సెట్‌లో కుదరదు. అది కంపెనీ పిసినారితనం వల్ల వచ్చింది కాదు.

హామ్ ఆపరేటర్ పరీక్ష రాసి, తన బ్యాండులో ఎక్కడ మాట్లాడొచ్చో నేర్చుకుని వస్తాడు. కమర్షియల్ రేడియో పట్టుకునే గార్డుకో, డ్రైవర్‌కో ఆ బాధ్యత ఉండదు. అతని సంస్థకు కొన్ని ఫ్రీక్వెన్సీలు కేటాయిస్తారు, అతను నాబ్ తిప్పి మాట్లాడతాడు, అంతే. అమెరికాలో ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ నిబంధనల పార్ట్ 90 ఈ తేడాను స్పష్టంగా రాసింది. 25 మెగాహెర్ట్జ్ పైన పనిచేసే ట్రాన్స్‌మిటర్‌ను వాడే మనిషి, పైనున్న బటన్లతోనే కొత్త ఫ్రీక్వెన్సీ పెట్టుకుని ప్రసారం చేయగలిగితే ఆ పరికరానికి ఆమోదం ఇవ్వరు. ఫ్రీక్వెన్సీ రాసే పని తయారీదారు గానీ సర్వీస్ సిబ్బంది గానీ చేయాలన్నది దాని ఉద్దేశం. ప్రపంచమంతా అమ్మే మోడళ్లను ఇంత పెద్ద మార్కెట్ నిబంధనను పక్కనపెట్టి తయారుచేయలేరు కాబట్టి ఆ ఆలోచన రేడియోల రూపంలోనే కలిసిపోయింది.

అలా ఫ్రీక్వెన్సీ మార్చే అధికారం రేడియో లోంచి బయటికి, ఒక కంప్యూటర్ ప్రోగ్రామ్‌లోకి వెళ్లింది. ఆ ప్రోగ్రామ్ ఎవరి చేతిలో ఉండాలన్నదే అసలు తగాదా.

ఒకే మాట వెనుక నాలుగు తాళాలు

మొదటిది ప్రసార లైసెన్సు. గాలిలోని ఫ్రీక్వెన్సీ ప్రభుత్వానిది, దాన్ని వాడుకోవడానికి దేశంలోని నియంత్రణ సంస్థ ఇచ్చే అనుమతి ఇది. రేడియో ఎవరిదైనా, సాఫ్ట్‌వేర్ ఎక్కడ కొన్నా, ఈ అనుమతి లేకుండా ఆ ఫ్రీక్వెన్సీలో మాట్లాడటం నేరమే. డీలర్ మొదట అడిగేది దీన్నే, ఎందుకంటే అనుమతి లేని ఫ్రీక్వెన్సీ రాసిచ్చాడని తేలితే మెడకు చుట్టుకునేది అతనికే. లైసెన్సు అవసరం లేని తక్కువ పవర్ బ్యాండ్లు కొన్ని దేశాల్లో ఉన్నాయి గానీ, వాటికి పవర్, యాంటెన్నా నిబంధనలు వేరు. ఎక్కువ పవర్‌తో పనిచేసే కమర్షియల్ సెట్‌ను అక్కడ వాడటం చాలాచోట్ల కుదరదు.

రెండోది సాఫ్ట్‌వేర్ వాడుక లైసెన్సు. ఇది కాపీరైట్ సంగతి. కొన్నది సీడీ అయినా డౌన్‌లోడ్ అయినా, ఎన్ని కంప్యూటర్లలో వేసుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వొచ్చా, ఎంతకాలం చెల్లుతుంది అన్నవి అందులో ఉంటాయి. పెన్‌డ్రైవ్‌లో తిరిగే కాపీ ఈ తాళాన్ని పగలగొట్టి వచ్చిందే.

మూడోది ఫీచర్ లైసెన్సు. జనాన్ని ఎక్కువగా ఆశ్చర్యపరిచేది ఇదే. సాఫ్ట్‌వేర్ సక్రమంగా కొన్నారు, రేడియో కనెక్ట్ అయింది, కానీ కొన్ని మెనూలు బూడిద రంగులో పడి ఉన్నాయి. ఆ సదుపాయం రేడియోలో ఉన్నా డబ్బు కట్టి తెరిపించుకోలేదన్నమాట. మోటరోలా మోటోట్రబో రేడియోల్లో ఇలాంటి అదనపు సదుపాయాలకు ఎంటైటిల్‌మెంట్ ఐడీ కొంటారు. సీపీఎస్ ఇంటర్నెట్ ద్వారా కంపెనీ సర్వర్‌ను అడిగి, ఆ ఐడీని ఆ రేడియో సీరియల్ నంబరుకు ముడివేస్తుంది. నియంత్రణ నిబంధన కూడా ఒక్కోసారి ఇదే దారిలో వస్తుంది. అమెరికాలో 150–174, 421–470 మెగాహెర్ట్జ్ బ్యాండ్లలోని సంస్థలు 2013 జనవరి 1 నాటికి 25 నుంచి 12.5 కిలోహెర్ట్జ్ వెడల్పుకు మారాల్సి వచ్చినప్పుడు, మోటరోలా తన సాఫ్ట్‌వేర్‌లో 25 కిలోహెర్ట్జ్ ఎంపికకు తాళం వేసి, అర్హత ఉన్నవారికి విడిగా కీ ఇచ్చే ఏర్పాటు చేసింది. పాతవాళ్లు చాలామంది సాఫ్ట్‌వేర్ పాడైందనుకున్నారు.

నాలుగోది సిస్టమ్ యజమాని అనుమతి. పోలీసు, అగ్నిమాపక, రవాణా శాఖల్లాంటి పెద్ద సంస్థలకు ట్రంకింగ్ వ్యవస్థలుంటాయి. అందులో ఛానెళ్లను ఒక కంట్రోలర్ అప్పటికప్పుడు పంచుతుంది. ఆ వ్యవస్థ ఐడీని రేడియోలో రాయాలంటే సాఫ్ట్‌వేర్ ఒక్కటీ చాలదు, ఆ వ్యవస్థకు సంబంధించిన సిస్టమ్ కీ కూడా ఉండాలి. మోటరోలా వ్యవస్థల్లో ఇది మొదట చిన్న ఫైల్‌గా ఉండేది. ఫైల్‌ను కాపీ చేయడం ఎవరికైనా తేలికే కాబట్టి తర్వాత దాన్ని కంప్యూటర్‌కు తగిలించే హార్డ్‌వేర్ కీగా మార్చారు. ఎప్పటివరకు చెల్లాలో, ఏ ఐడీల శ్రేణిలోనే రాయగలదో కూడా అందులో పరిమితి పెట్టొచ్చు. ఈ కీని కంపెనీ బయటివాళ్లకు అమ్మదు, డీలర్ ఇవ్వడు. వ్యవస్థను నడిపే అధికారి చేతిలోనే ఉంటుంది.

వీటికి తోడు ఐదో తాళం ఒకటుంది, దానికి లైసెన్సని పేరు లేదు: కోడ్‌ప్లగ్ పాస్‌వర్డ్. రేడియోను చదవకుండా, లేదా తిరిగి రాయకుండా పాత యజమాని పెట్టుకున్నది. పాత రేడియోలు కొన్నవాళ్లకు టెన్షన్ ఎక్కువగా దీనితోనే.

ఈ తాళాల్లో ఏ రెండూ ఒకే తాళంచెవితో తెరుచుకోవు. ప్రసార లైసెన్సు ఉందని కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఇవ్వదు. సాఫ్ట్‌వేర్ కొన్నంత మాత్రాన నగర పోలీసు వ్యవస్థలో చేరే హక్కు రాదు. వినడానికి ఇది తేలికే. అయినా డీలర్ల దగ్గర రోజూ జరిగే వాదనలు చాలావరకు ఒక తాళం గురించి అడిగితే ఇంకో తాళం గురించి జవాబివ్వడం వల్లే జరుగుతాయి.

కంపెనీలు సాఫ్ట్‌వేర్‌ను అందించే దారులు

పద్ధతి ఒక్కటే ఉండి ఉంటే బాగుండేది, లేదు. టీవైటీ, ఎనీటోన్ లాంటి తయారీదారులు తమ డీఎంఆర్ సెట్లకు సాఫ్ట్‌వేర్‌ను వెబ్‌సైట్‌లోనే ఉచితంగా పెడతారు. రేడియోలు అమ్ముకోవడమే వాళ్ల ఆదాయం. పెద్ద పేరున్న పాత కంపెనీలు సాఫ్ట్‌వేర్‌కు విడి పార్ట్ నంబరు పెట్టి డీలర్ ద్వారా అమ్ముతూ వచ్చాయి. కొన్ని ఖాతా తెరిచి, ఒప్పందం మీద సంతకం చేశాక డౌన్‌లోడ్ ఇస్తాయి. కొన్నింటిది ఒకసారి కొంటే ఎప్పటికీ ఉండే లైసెన్సు, మరికొన్నింటిది గడువున్న చందా. గడువు ముగిశాక ఉన్న వెర్షన్ పనిచేస్తుందా, అప్‌డేట్లే ఆగుతాయా, పూర్తిగా మూసుకుపోతుందా అన్నది ఒప్పందం చదివితేనే తెలుస్తుంది. చందా అనగానే చాలామంది అడగడం మర్చిపోయే ప్రశ్న ఇది.

కొనేటప్పుడు బయటపడని ఇబ్బందులు రెండు. ఒకటి ప్రాంతం. ఒకే మోడల్ పేరుతో వేర్వేరు ఖండాల్లో అమ్మే రేడియోల్లో రీజియన్ కోడ్ తేడాగా ఉండొచ్చు. ఒక ప్రాంతం సాఫ్ట్‌వేర్ ఇంకో ప్రాంతం రేడియోను చదవడానికి నిరాకరిస్తుంది. విదేశం నుంచి చౌకగా తెప్పించుకున్నవాళ్లకు ఇది తెలిసేసరికి రేడియో చేతికొచ్చేసి ఉంటుంది.

రెండోది వెర్షన్. కొత్త సాఫ్ట్‌వేర్ పాత రేడియోను తెరిచినప్పుడు కోడ్‌ప్లగ్‌ను కొత్త రూపానికి మార్చనా అని అడుగుతుంది. ఒప్పుకుంటే, పాత వెర్షన్ సాఫ్ట్‌వేర్ ఉన్న మరో కంప్యూటర్ ఇక ఆ రేడియోను తెరవలేదు. పైగా కొత్త రూపానికి కొత్త ఫర్మ్‌వేర్ కావాల్సి రావొచ్చు. యాభై రేడియోల్లో ముప్పై కొత్త రూపంలో, ఇరవై పాత రూపంలో ఉంటే ఆ సంస్థకు రెండు వెర్షన్లూ అవసరమవుతాయి. అనుభవమున్న సాంకేతిక నిపుణులు ఏ రేడియోనైనా ముందు చదివి, ఆ ఫైల్‌ను పక్కన భద్రపరిచి, తర్వాతే చెయ్యి పెడతారు.

ఆ పన్నెండు రేడియోలకు ఏమవుతుంది

మొదట చెప్పుకున్న వేలం సరుకు దగ్గరకు వద్దాం. కొన్నది ఒక గోదాము భద్రతా బృందమనుకుందాం. రేడియోలు యూహెచ్‌ఎఫ్ బ్యాండువి, 403 నుంచి 470 మెగాహెర్ట్జ్ వరకు పనిచేస్తాయని వెనుక లేబుల్ చెబుతోంది.

మొదటి తాళం దగ్గర రెండు ప్రశ్నలు. బృందానికి ఫ్రీక్వెన్సీ కేటాయింపు ఉందా? ఉంటే ఆ ఫ్రీక్వెన్సీ ఈ రేడియోల పరిధిలో ఉందా? కేటాయింపు 155 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటే కథ ఇక్కడే ముగుస్తుంది, ప్రపంచంలోని ఏ సాఫ్ట్‌వేరూ యూహెచ్‌ఎఫ్ సెట్‌ను వీహెచ్‌ఎఫ్ చేయలేదు. 450 దగ్గర ఉందనుకుని ముందుకెళ్దాం.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ కొనాలా? లెక్క వేయొచ్చు. ఛానెళ్లు నాలుగే. ఒక రేడియోలో రాసి సరిచూసుకున్నాక మిగతా పదకొండింటికి అదే కోడ్‌ప్లగ్ ఎక్కించి, ఐడీ మాత్రం మార్చాలి. రేడియోకు పది నిమిషాలనుకుంటే మొత్తం రెండు గంటల పని. మళ్లీ మూడు నాలుగేళ్ల వరకు మార్పు ఉండదు. ఇలాంటిచోట సాఫ్ట్‌వేర్, కేబుల్, నేర్చుకునే సమయం అన్నీ కలిపి డీలర్ తీసుకునే రెండు గంటల కూలిని దాటిపోవడం ఖాయం. అదే బృందానికి 150 రేడియోలుండి, ఏటా మూడుసార్లు గుంపులు మారుతుంటే? ఏడాదికి 450 సార్లు రాయాలి, పది నిమిషాల లెక్కన 75 గంటలు. అక్కడ సొంత లైసెన్సు కొద్ది నెలల్లోనే గిట్టుబాటవుతుంది. పైగా రాత్రి పదింటికి ఛానెల్ మార్చాల్సి వచ్చినా ఎవరి కోసమూ ఆగక్కర్లేదు.

డీలర్ దగ్గరకు వెళ్లారు. అతను కేబుల్ పెట్టి చదవబోతే ఎనిమిది రేడియోలు తెరుచుకున్నాయి, నాలుగు పాస్‌వర్డ్ అడిగాయి. పాత యజమాని సంస్థ మూతపడింది, చెప్పేవాళ్లు లేరు. ఇప్పుడు దారి తయారీదారు సర్వీస్ కేంద్రమే. అక్కడ కొనుగోలు పత్రం అడుగుతారు, సీరియల్ నంబరు దొంగతనం జాబితాలో ఉందేమో చూస్తారు. పత్రం ఉంటే సమస్య తీరే అవకాశం ఉంది. లేకపోతే ఆ నాలుగూ స్పేర్ పార్టులుగా మిగులుతాయి. సెకండ్ హ్యాండ్ రేడియో ధరలో బ్యాటరీ స్థితికి ఇచ్చే విలువ ఈ రసీదుకు ఎవరూ ఇవ్వరు. నా దృష్టిలో రసీదే ఎక్కువ విలువైనది. బ్యాటరీ మళ్లీ కొనుక్కోవచ్చు.

పాత రేడియో, అంతకన్నా పాత కంప్యూటర్

ఇక్కడే నిజాయితీగా కొనాలనుకున్నా కొనలేని పరిస్థితి ఎదురవుతుంది. మోటరోలా పాత రేడియోలకు సాఫ్ట్‌వేర్ విండోస్‌కు ముందున్న డాస్ కాలం నాటిది, పేరు రేడియో సర్వీస్ సాఫ్ట్‌వేర్, వాడుకలో ఆర్‌ఎస్‌ఎస్. అందులో కొన్ని ప్రోగ్రాములు రేడియోతో మాట్లాడే వేగాన్ని కంప్యూటర్ ప్రాసెసర్ వేగాన్ని బట్టి లెక్కించుకునేవి. అవి రాసిన రోజుల్లో ఉన్నవి 286, 386 యంత్రాలు. వేగంగా నడిచే కంప్యూటర్‌లో వేస్తే లెక్క తప్పుతుంది, సగం రాసి ఆగిపోతే రేడియో చచ్చిపోయినట్టే పడి ఉంటుంది. అందుకే పాతకాలపు ల్యాప్‌టాప్‌ను ఇదొక్క పని కోసం జాగ్రత్తగా దాచుకునే మెకానిక్‌లు ఇప్పటికీ ఉన్నారు. 64 బిట్ విండోస్‌లో 16 బిట్ ప్రోగ్రాములు అసలు నడవవు. కంప్యూటర్ సీరియల్ పోర్టు వోల్టేజీని రేడియోకు తగ్గట్టు మార్చే రిబ్ అనే చిన్న పెట్టె కూడా కావాలి.

రేడియో మాత్రం ఇరవై, ముప్పై ఏళ్లయినా చెక్కుచెదరదు. అల్యూమినియం చట్రం, మార్చుకోగల బ్యాటరీ. తయారీదారు సాఫ్ట్‌వేర్ అమ్మకం ఆపేశాక ఆ రేడియోను చట్టబద్ధంగా ప్రోగ్రామ్ చేయడానికి మిగిలేది, ఎప్పుడో లైసెన్సు కొని ఉంచుకున్న పాత డీలరే. ఆయన దుకాణం మూసేస్తే అదీ లేదు. అనాథ అయిన సాఫ్ట్‌వేర్ అంటే ఇదే. పెన్‌డ్రైవ్ కాపీల చలామణికి అన్నిటికంటే బలమైన కారణం దొంగబుద్ధి కంటే ఈ ఖాళీయేనని నేను నమ్ముతాను. ఆ ఖాళీని సృష్టించినవాళ్లకూ అందులో బాధ్యత ఉంది.

కేబుల్ కష్టాలు వేరే. చాలా ప్రోగ్రామింగ్ కేబుళ్లలో యూఎస్‌బీని సీరియల్‌గా మార్చే చిప్ ఉంటుంది. ప్రోలిఫిక్, ఎఫ్‌టీడీఐ కంపెనీల చిప్పులకు నకిలీలు విపరీతంగా వచ్చాయి. ప్రోలిఫిక్ కొత్త డ్రైవర్లు నకిలీ చిప్పులతో పాటు తన పాత చిప్పులు కొన్నింటినీ పనిచేయనివ్వవు. 2014లో విండోస్ అప్‌డేట్ ద్వారా వచ్చిన ఎఫ్‌టీడీఐ డ్రైవర్ అయితే నకిలీ చిప్పు గుర్తింపు సంఖ్యను సున్నా చేసేసింది, వేల మైళ్ల దూరంలో ఎవరో కొన్న కేబుళ్లు రాత్రికి రాత్రి పనిచేయడం మానేశాయి. సాఫ్ట్‌వేర్ సరిగా లేదని తిట్టుకునే సందర్భాల్లో అసలు తప్పు కేబుల్‌ది కావడం మామూలే.

చట్టం ఒక్కోచోట ఒక్కోలా

కొన్న సాఫ్ట్‌వేర్‌ను ఇంకొకరికి అమ్మొచ్చా? పుస్తకమైతే అమ్మొచ్చు. సాఫ్ట్‌వేర్ విషయంలో రెండు తీర్పులు రెండు దారులు చూపించాయి, రెండూ రేడియో కేసులు కావు గానీ వాటి తర్కం ఇక్కడికీ వస్తుంది.

అమెరికాలో 2010లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు, వెర్నర్ వర్సెస్ ఆటోడెస్క్ కేసులో, ఒప్పందంలో ఇది లైసెన్సు మాత్రమేనని రాసి, బదిలీకి గట్టి పరిమితులు పెట్టి ఉంటే, డబ్బు కట్టినవాడు ఆ కాపీకి యజమాని కాడని తేల్చింది. యజమాని కానప్పుడు తిరిగి అమ్మే హక్కూ లేదు. 2012 జులైలో ఐరోపా న్యాయస్థానం యూజ్‌డ్‌సాఫ్ట్ వర్సెస్ ఒరాకిల్ కేసులో ఇంకోలా చెప్పింది. కాలపరిమితి లేని లైసెన్సును ఒకసారి డబ్బు తీసుకుని ఇచ్చాక, డౌన్‌లోడ్ అయినా సరే, అది అమ్మకమే. కొన్నవాడు తిరిగి అమ్మొచ్చు, అయితే తన దగ్గరి కాపీని పనికిరాకుండా చేయాలి. గడువున్న చందాకు ఈ తీర్పు వర్తించదు. అలా చూస్తే, పాత డీలర్ దగ్గర మూలనపడ్డ ఒరిజినల్ సీడీ ఒక ఖండంలో సక్రమ సరుకు అవుతుంది, మరో ఖండంలో ఒప్పంద ఉల్లంఘన కావొచ్చు.

తాళం పగలగొట్టడం ఇంకో ప్రశ్న. అమెరికాలో 1998 నాటి డీఎంసీఏ చట్టం 1201 సెక్షన్, కాపీరైట్ రచనకు రక్షణగా పెట్టిన సాంకేతిక అడ్డంకిని దాటడాన్నే తప్పుగా చూస్తుంది, కొన్ని మినహాయింపులు తప్ప. ఐరోపా సమాఖ్య 2009 నాటి సాఫ్ట్‌వేర్ ఆదేశం, వేరే ప్రోగ్రామ్ దీనితో కలిసి పనిచేయడానికి తప్పనిసరైనంత వరకు కోడ్‌ను విప్పి చూడటాన్ని షరతులతో అనుమతిస్తుంది. స్వతంత్ర ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు ఈ తేడా చిన్నదేమీ కాదు.

కంపెనీల మాట, కొన్నవాళ్ల మాట

తయారీదారుల వాదన తేలికగా కొట్టిపారేయదగినది కాదు. ఒక రేడియో తప్పు ఫ్రీక్వెన్సీలో అరిస్తే నష్టం ఆ యజమానికి పరిమితం కాదు. అదే సమయంలో అక్కడ అంబులెన్స్ సిబ్బంది మాట్లాడుతూ ఉండొచ్చు. ఫోన్ పాడు చేసుకుంటే ఒక్కడి నష్టం, రేడియో తప్పుగా రాస్తే పక్కవాడి నష్టం. సాఫ్ట్‌వేర్ తయారీకి, ప్రతి కొత్త మోడల్‌కు మార్పులకు ఖర్చుంది. ఈ రంగంలో కోడ్ ఎంత విలువైన ఆస్తో చూపే కేసూ ఉంది: తన వ్యాపార రహస్యాలు, సోర్స్ కోడ్ వాడుకుందంటూ చైనా రేడియో కంపెనీ హైటెరాపై మోటరోలా సొల్యూషన్స్ వేసిన దావాలో అమెరికా జ్యూరీ 2020 ఫిబ్రవరిలో 76 కోట్ల డాలర్లకు పైగా పరిహారం చెల్లించమంది, తర్వాత కోర్టు ఆ మొత్తాన్ని తగ్గించింది. ఇక డీలర్లు పెట్టుబడి పెట్టి, సిబ్బందికి శిక్షణ ఇచ్చి ఉంటారు. సాఫ్ట్‌వేర్ వీధిలో దొరికితే వాళ్ల సేవకు విలువెక్కడిది?

కొన్నవాళ్ల వాదనకూ అంతే బరువుంది. పరికరానికి పూర్తి ధర చెల్లించినప్పుడు దాని సెట్టింగులు మార్చుకోవడానికి మళ్లీ చెల్లించడం ఏమిటి? తప్పుడు ప్రసారాన్ని శిక్షించడానికి నియంత్రణ సంస్థ, చట్టం ఇప్పటికే ఉన్నాయి, సాఫ్ట్‌వేర్‌ను దాచడం ఆ పని చేయదు. నిజానికి చేయడమూ లేదు, ఎందుకంటే అక్రమంగా మాట్లాడాలనుకున్నవాడు దొంగ కాపీతో పని కానిస్తాడు, లైసెన్సు తీసుకుని పద్ధతిగా వెళ్లాలనుకున్న చిన్న సంస్థే గుమ్మం దగ్గర ఆగిపోతుంది. తుపాను రోజున డీలర్ అందుబాటులో లేకపోతే సహాయక బృందం ఏం చేయాలన్న ప్రశ్నకు తయారీదారుల నుంచి సరైన జవాబు లేదు.

రెండు వైపులా చూశాక నాకనిపించేది, మొదటి తాళం పేరు చెప్పి రెండో తాళాన్ని సమర్థించడంలోనే చిక్కుందని. ప్రజా భద్రత కోసం ట్రంకింగ్ సిస్టమ్ కీ ఉండాలనడం అర్థమవుతుంది. అదే భద్రత పేరుతో, అమ్మకం ఆపేసి ఏళ్లయిన రేడియో సాఫ్ట్‌వేర్‌ను ఎవరికీ ఇవ్వకపోవడం అర్థం కాదు.

స్వతంత్ర సాఫ్ట్‌వేర్ ఎంతవరకు

ఉచిత ప్రత్యామ్నాయాల్లో బాగా తెలిసింది చిర్ప్. ఎవరైనా చూడగలిగే, మార్చుకోగలిగే కోడ్‌తో జీపీఎల్ లైసెన్సు కింద వస్తుంది. హామ్ సెట్లు, చవకైన చేతి రేడియోలు వందల మోడళ్లను చదువుతుంది. కమర్షియల్ వైపు మాత్రం దాని చేయి చిన్నది, కెన్‌వుడ్ పాత టీకే సిరీస్‌లో కొన్ని మోడళ్ల లాంటివి ఉన్నాయి. డీఎంఆర్ సెట్ల కోసం క్యూడీఎంఆర్ లాంటి ప్రాజెక్టులున్నాయి. పెద్ద కంపెనీల ట్రంకింగ్, ఎన్‌క్రిప్షన్ ఉన్న రేడియోలను ఇవి ముట్టుకోవు.

వీటిని దొంగ కాపీలతో కలిపి మాట్లాడటం అన్యాయం. ఒకటి వేరేవాళ్లు సొంతంగా రాసిన ప్రోగ్రామ్, రెండోది కంపెనీ ప్రోగ్రామ్‌నే రక్షణ తీసేసి పంచిపెట్టింది. దొంగ కాపీతో చట్టం సంగతి అటుంచితే, అందులో ఇంకెవరు ఏం కలిపారో తెలియదు. దాన్ని నడపడానికి యాంటీవైరస్ ఆపమని సూచనలొస్తాయి. ఆ కంప్యూటర్‌లోనే సంస్థ జీతాల పట్టిక కూడా ఉంటే? కోడ్‌ప్లగ్‌ను కొద్దిగా తప్పు రూపంలో రాస్తే రేడియో పాడవుతుంది, వారంటీ కింద తీసుకెళ్లి ఏం చెప్పాలో తెలియదు.

కోడ్‌ప్లగ్ ఫైల్ ఎవరిది

డీలర్‌తో రాయించుకునే సంస్థలు ఎక్కువ కాబట్టి ఈ ప్రశ్న వాళ్లకు ముఖ్యం. ఫ్రీక్వెన్సీ కేటాయింపు సంస్థది, రేడియో సంస్థది, ఛానెళ్ల పేర్లు, గుంపులు, ఐడీల జాబితా సంస్థ అవసరాల నుంచి వచ్చినవి. వాటిని ఫైల్‌గా కూర్చింది డీలర్, తన లైసెన్సు ఉన్న సాఫ్ట్‌వేర్‌తో. అతను పాస్‌వర్డ్ పెట్టి ఫైల్ తన దగ్గరే ఉంచుకుంటే, సంస్థ ఇంకో డీలర్ దగ్గరకు మారాలనుకున్న రోజు మొత్తం మళ్లీ మొదటి నుంచి కట్టాలి. పాస్‌వర్డ్ పెట్టడానికి అతనికి మంచి కారణమే ఉండొచ్చు, పోగొట్టుకున్న రేడియోలోని సమాచారాన్ని ఎవరూ చదవకుండా. కానీ ఆ పాస్‌వర్డ్ రేడియో యజమానికి కూడా తెలియకపోతే అది భద్రత అనిపించుకోదు.

ఈ సంగతి ఏ చట్టంలోనూ వెతుక్కోనక్కర్లేదు, పని ఒప్పంద పత్రంలో రెండు వాక్యాలతో తేలిపోతుంది: పని పూర్తయ్యాక కోడ్‌ప్లగ్ ఫైల్ కాపీ, పాస్‌వర్డ్ రెండూ సంస్థకు ఇవ్వాలని. ఫైల్ ఉన్నా తెరవడానికి సాఫ్ట్‌వేర్ లేదు కదా అని చాలామంది అడగరు. పెన్‌డ్రైవ్‌లో ఊరికే పడి ఉన్నట్టు కనిపించే ఆ ఫైలే, పాస్‌వర్డ్‌తో సహా, మొదట చెప్పుకున్న వేలంలో రేడియోలతో పాటు వచ్చి ఉంటే ఆ నాలుగు సెట్లూ స్పేర్ పార్టులు అయ్యేవి కావు.